మా మేనత్త పెట్టిన పేర్లు

మా మేనత్త పోయింది. ఆ పొద్దున నేను డ్యూటీలో ఉన్నాను. మా మందుల కంపెనీలో ఫోను ల్యాబులోకి రానివ్వరు, లాకర్లో పెట్టి పోవాలి. టీ టైముకు బయటికొచ్చి చూసుకుంటే సుమన్ దగ్గర్నుంచి పదకొండు మిస్డ్ కాల్స్. సుమన్ అంటే పటేల్‌గూడలో మా అత్త ఇంట్లో కిరాయికుండే బీహారు అమ్మాయి. తిరిగి చేశాను. "దీదీ, బువా ఉఠ్ నహీ రహీ" అంది. లేవట్లేదు, లేవట్లేదు అంటుందేగాని పోయిందని మాత్రం అనదు. ఆ మాట నేనే అడిగి చెప్పించుకోవాల్సి వచ్చింది.

గేటు బయటికొచ్చి ఆటో ఎక్కాను. పటాన్‌చెరు దాటేదాకా కంట్లో చుక్క రాలేదు. డ్రైవరు అద్దంలో నా మొహం చూసి "ఎవలు పోయిండ్రమ్మా?" అన్నాడు. "మా అత్త" అన్నాను. "ఓ, అత్తగారా" అని గేరు మార్చాడు. నాకు ఒళ్ళు మండింది. "అత్తగారు కాదయ్యా, మేనత్త! నాకు పేరు పెట్టిన మనిషి!" అని ఆ పాపం మనిషి మీద గట్టిగా అరిచాను. ఆ అరుపుతోనే ఏడుపూ వచ్చింది.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలిచే అలవాటు మా ఇంట్లో లేదు. పోయాక కొత్తగా మొదలుపెట్టడం ఎందుకు? అయినా ఆమెను పేరుతో పిలిచినవాళ్ళు ఆ వీధిలో ఎవరున్నారు! కొందరికి బువా, కొందరికి ఆత్యా, కొందరికి ఫుప్పీ. ఏ భాషలో పిలిచినా అర్థం మేనత్తే.

నా పేరు సంగమ్మ. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నాకు అలవాటే. సంగారెడ్డిలో కాలేజీకి పోయేటప్పుడు నన్ను నేను సంగీత అని చెప్పుకునేదాన్ని. హాజరు పిలిచిన రోజున బండారం బయటపడింది. ఆ సాయంత్రమే బస్సెక్కి వచ్చి అత్తతో పోట్లాటకు దిగాను. "గిదేం పేరే అత్తా? నీకు ఇంకో పేరే దొరకలేదా?" అన్నాను. ఆమె బియ్యం చెరుగుతూ చేట ఆపకుండా చెప్పింది.

"మీ అమ్మకు నీ కంటె ముందు రెండు కడుపులు పోయినయ్ బిడ్డా. నేను ఝరాసంగం పోయిన. సంగమేశ్వరునికి మొక్కిన. మీ అమ్మ గాదు, నేను మొక్కిన. ఈ పాలి దక్కితే నీ పేరే పెట్టుకుంటమన్న. దేవునికి మాటిచ్చి వచ్చి సంగీత అని పెడ్తనా?"

ఆ తర్వాత నేను సంగీత కాలేదు. కోపం తగ్గలేదు గాని నోరు మూసుకున్నాను.

పేరు వింటే చాలు, దాని పుట్టుక చెప్పేది. చదువు మూడో తరగతి. పెంటయ్య అనే పేరు విని మేం కిసుక్కుమంటే నెత్తి మీద ఒకటి మొట్టేది. "ఆయన కన్నా ముందు పుట్టినోళ్లు దక్కలేరే. పుట్టంగనే పెంటకుప్ప మీద పండవెట్టి మళ్ల తెచ్చుకున్నరు, సావు గూడ దీన్ని ముట్టద్దని. గది పెంట గాదు, ఉపాయం" అనేది. హిందువుల ఇంట్లో సైదులు అని ఉంటే ఆ తల్లి దర్గాకు మొక్కి కన్నదని, మాణయ్య అంటే మాణిక్ ప్రభు గుళ్ళో పుట్టువెంట్రుకలు తీసినవాళ్ళని వేళ్ళ మీద లెక్కబెట్టి చెప్పేది. "పాత పేర్లు మోటుగున్నయని నవ్వుతరు. ఒక్కొక్క పేరు ఎన్క ఒక తల్లి ఎంత ఏడ్సిందో ఎవలకెరుక?" ఇది ఆమె తరచుగా అనే మాట.

ఇంత తెలిసిన మనిషికి సొంత అన్నదమ్ముల పిల్లల్లో పేరు పెట్టడానికి నేనొక్కదాన్నే దక్కాను. ఆ సంగతి చెప్పకుండా ఆమె గురించి రాయలేను.

నా ఏడో ఏట తమ్ముడు పుట్టాడు. అప్పటికి ఏడాది కింద మా మామ, అంటే అత్త పెనిమిటి, కామెర్లతో పోయాడు. వాళ్ళకు పిల్లల్లేరు. తమ్ముని ఇరవై ఒకటో రోజున తొట్లె వేశాం. మా వైపు తొట్లెలో బిడ్డను వేసేది, చెవిలో మూడుసార్లు పేరు చెప్పేది మేనత్తే. అత్త పొద్దున్నే సంగారెడ్డి వచ్చింది, తమ్మునికి తనే కుట్టిన చిన్న అంగీ పట్టుకుని. తొట్లె దగ్గరికి పోబోతుంటే మా నాయనమ్మ, అంటే ఆమెను కన్నతల్లే, చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వు ఆగు. శుభమా అని పిల్లగానికి పేరు పెడ్తుంటే ముత్తయిదువ ఉండాలె" అంది. నాన్నకు దూరపు వరసకు అక్కయ్యే ఒకామెను పిలిపించారు. ఆమె తమ్మునికి వెంకటేష్ అని పెట్టింది. మా నాన్న అక్కడే ఉన్నాడు. తొట్లెకు పూలు కట్టుకుంటూ అటు తిరిగి నిలబడ్డాడు.

అత్త అందరికీ వడ్డించింది, తనూ తిన్నది, గిన్నెలు కడిగింది, నాలుగింటి బస్సుకు బయల్దేరింది. నేను బస్టాండు దాకా వెంటపడి పోయాను. "నువ్వయితే ఏం పేరు పెడ్తువు అత్తా?" అని అడిగాను. ఆమె నా చెంపలు రెండూ పట్టుకుని "పెట్టని పేరు బయటికి చెప్పద్దు బిడ్డా. పిల్లగాడు రెండు పేర్ల నడుమ పరేషాన్ అయితడు" అని బస్సెక్కింది. ఎన్నిసార్లు అడిగినా తర్వాత కూడా అదే జవాబు.

పటాన్‌చెరులో అత్త ఒక బల్బుల కంపెనీలో ప్యాకింగు పనికి కుదిరింది. పటేల్‌గూడ అంతా ముళ్ళకంపలుగా ఉన్న రోజుల్లో జాగా కొని, తనకొక ఇల్లు, పక్కనే వరసగా నాలుగు గదులు కట్టుకుంది. కంపెనీల్లో పని చేసేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆ గదుల్లో దిగేవాళ్ళు. నాకు ఉద్యోగం వచ్చాక నేనూ ఆమె దగ్గరే చాలా ఏళ్ళు ఉన్నాను. చెప్పబోయేవన్నీ ఈ కళ్ళతో చూసినవే.

మొదటిది లాతూరు వైపు నుంచి వచ్చిన మరాఠీ అమ్మాయి బిడ్డ. నెల దాటినా పేరు లేదు. అత్త అడిగితే, పేరు పెట్టాల్సింది ఆత్యా, ఆమె ఊర్లో ఉంది, కోతల రోజులు, రాలేనంది అని ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. అత్త గుమ్మంలోంచే మెల్లగా, తన పటాన్‌చెరు హిందీలో, "మై రఖూఁ క్యా? లేకిన్ మేరా ఆద్మీ నహీ హై" అంది. పెట్టనా, కానీ నాకు మొగుడు లేడు అని. ఆ అమ్మాయికి ఆ రెండో మాట ఎందుకు చెబుతుందో అర్థం కాలేదు. "ఆద్మీ కా క్యా కామ్?" అంది. నిజమే, పేరు పెట్టడానికి మొగుడెందుకు? అత్త నా వైపు చూసింది. ఆ చూపు నాకింకా గుర్తుంది. వాళ్ళలో ఆత్యా బిడ్డ చెవిలో పేరు చెబుతుంటే చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఆమె వీపు మీద సరదాగా గుద్దుతారట. ఆ సంగతి మాకు ముందు తెలియదు. "ఈపు ఇమానం మోత మోగిచ్చిండ్రే!" అని రాత్రి జండూబామ్ రాయించుకుంటూ ఒకటే నవ్వు. మామ పోయాక ఆమె అంత నవ్వడం అదే మొదలు.

ఇగ చూడండి, ఆ వీధిలో ఎవరికి బిడ్డ పుట్టినా కబురు ఆమెకే. ఊరికే పెట్టేది కాదు. ముందు మూడు పరీక్షలుండేవి. తండ్రిని మిద్దె ఎక్కించి, వీధి చివర ఆడుకునే పిల్లను అన్నానికి పిలిచినట్టు ఆ పేరు గొంతెత్తి పిలవమనేది. తర్వాత తల్లిని, బిడ్డ పాలగిన్నె ఒలకబోసినట్టు కోపంగా పిలవమనేది. చివరగా, జ్వరంతో పడుకున్నప్పుడు నుదుటి మీద చెయ్యేసి పిలిచినట్టు మెల్లగా. మూడింట్లో ఏ ఒక్కదానికి ఆ పేరు పనికిరాకపోయినా ఒప్పుకునేది కాదు. "పేరు కాగితానికి గాదు. పిలిచే నోటికి" అనేది.

వెలిమెల దగ్గర కొత్త అపార్ట్‌మెంట్లలో ఉండే ఒక జంట కారులో వచ్చారు. ఫోన్లో దొరికిన పేరు ఒకటి చూపించారు. నాకే నోరు తిరగలేదు, ఇక్కడ రాయమంటే రాయలేను. సంస్కృతంలో "చంద్రుని చిరునవ్వు" అని అర్థమట. అత్త ఆ పేరును నాతో కాగితం మీద రాయించుకుని గుడి పంతులు దగ్గరికి నడిచిపోయింది. ఆయన రెండుసార్లు చదివి "అమ్మా, ఇది సంస్కృతం కాదు, ఏదీ కాదు" అన్నాడు. ఆ సంగతి చెబితే బిడ్డ తండ్రికి రోషం వచ్చింది. "అర్థం లేకుంటే పాయె కొడుకా. మిద్దెక్కి ఒక్కసారి పిలువు" అంది అత్త. పాపం, మూడోసారికి దగ్గు అందుకుంది. కిందికి దిగొచ్చి తనే నవ్వేశాడు. చివరికి వాళ్ళ తాతమ్మ పేరు పెట్టుకున్నారు.

పక్క సందులో మెకానిక్ భార్యకు ఏడో నెలలోనే ఆడపిల్ల పుట్టి, బతుకుతుందో లేదో అన్నట్టుండేది. "ఫుప్పీ, నువ్వే ఒక పేరు చూడు" అంది ఆమె. అత్తకు ఉర్దూ మాట్లాడటమే వచ్చు, పేర్ల లోతు తెలియదు. తెలియదని చెప్పడానికి ఆమె ఎన్నడూ సిగ్గుపడలేదు. మసీదు ముందర అత్తరు అమ్మే పెద్దాయన దగ్గరికి పోయి, పిల్లకు ఆరోగ్యం అనే అర్థం రావాలె, పిలుస్తుంటే దువా లెక్క ఉండాలె అని అడిగింది. ఆయన ఆఫియా అన్నాడు. ఆ పేరును ఇంటికొచ్చేదాకా మర్చిపోతానేమోనని దారంతా పలుకుతూనే వచ్చింది. ఆఫియా ఇప్పుడు స్కూటీ నడుపుతుంది, అదీ హారన్ కొట్టకుండా ఒక్క మూలా తిరగదు.

ఇంత జాగ్రత్త మనిషీ ఒకసారి తప్పు చేసింది. అది కూడా మనవాళ్ళు మాత్రమే చేయగలిగే తప్పు.

సుమన్, ఆమె భర్త దినేష్ అప్పుడే కొత్తగా దిగారు. అతను వెల్డింగు పని చేసేవాడు. వాళ్ళకు ఎనిమిదో నెలలో కొడుకు పుట్టాడు. మూడు వారాలు ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంచారు. అత్త రోజూ టిఫిన్ కట్టుకుని పోయి వచ్చేది. పేరు సంగతి వస్తే దినేష్ "బువా జో రఖే" అన్నాడు. నీ ఇష్టం అన్నట్టే. అత్త మాటల్లో మాటగా అతని తండ్రి పేరు అడిగి తెలుసుకుంది. రాంజతన్. జతన్ అంటే ఏందని అడిగింది. భద్రంగా చూసుకోవడం అని చెప్పాడు. ఆమె మొహం వెలిగిపోయింది. "మన జతనమే గదనే! మా అమ్మ గింజలు జతనంగ దాయిమనేది. ఈ పిల్లగాన్ని గూడ దేవుడు గట్లనే దాసిండు" అంది నాతో. తాత పేరు మనవడికి పెట్టడం కన్నా గౌరవం ఏముంటుంది మన దగ్గర? ముందుగా చెబితే సంతోషం చప్పబడుతుందని ఎవరికీ చెప్పలేదు. తొట్లెలో వేసి చెవిలో మూడుసార్లు అనేసి, పైకి గట్టిగా చెప్పింది: రాంజతన్.

సుమన్ మొహం పాలిపోయింది. దినేష్ లేచి నిలబడ్డాడు. "బాబూజీ అభీ జిందా హై, బువా" అన్నాడు, మా నాన్న ఇంకా బతికే ఉన్నాడని.

వాళ్ళ ఊర్లో బతికున్న పెద్దవాళ్ళ పేరు బిడ్డకు పెట్టరట. పెడితే ఆ పెద్దల ఆయుష్షు తగ్గుతుందట. అన్నిటికీ మించి కోడలు మామ పేరు పలకకూడదు. మన దగ్గరా పలకదు గాని, మనం బుజ్జి, చిన్నా అని ముద్దుపేరుతో గడుపుకుంటాం. వాళ్ళకు అదీ తోచలేదు. చెవిలో పడ్డ పేరును వెనక్కి తీసుకోవచ్చో లేదో ఎవరికీ తెలియదు. ఆ రోజు నుంచి సుమన్ సొంత కొడుకును ఏ పేరుతోనూ పిలవలేదు. గోడకు ఇవతల మాకు వినబడేది, బిడ్డ ఏడుస్తుంటే "ఏ... ఏ..." అని ఊరుకోబెట్టడం. అత్త ఆ శబ్దం విన్నప్పుడల్లా తింటున్న అన్నం పక్కకు జరిపేది.

"మా అమ్మ మాటే నిజమాయె. ముండమోపి పెట్టిన పేరు గిట్లనే ఉంటది" అంది ఒకరోజు. నేను ఆమె మీద ఇంతెత్తున లేచాను, నోటికొచ్చినట్టు తిట్టాను కూడా. ఆమె వినలేదు. పక్క వీధి నుంచి ఒకామె పిల్లకు పేరడగడానికి వస్తే, నాకు చేతగాదమ్మా అని పంపించేసింది. ఎన్నో ఏళ్ళకు చేతికొచ్చిన మేనత్త వరస ఆ తొట్లె దగ్గరే మళ్ళీ పోయిందని నాకు అర్థమైంది.

చివరికి తనే నాతో ఫోను చేయించింది, బీహారుకు, ఆ ముసలాయనకు. "భాయ్‌సాబ్, గల్తీ హోగయా హమ్ సే" అని తప్పు ఒప్పుకుని మొత్తం చెప్పింది. అంతా విని ఆయన ఫోను పెట్టేశాడు. అత్త ఫోను నా చేతికిచ్చి పడుకుంది.

పది రోజులకు, పొద్దున పదింటికి, మా గేటు ముందు ఆటో ఆగింది. చేతికర్ర, భుజాన సంచి, తలకు తువాలు. దానాపూర్ రైల్లో రెండు రోజులు కూర్చుని వచ్చాడట. దినేష్ కాళ్ళకు దండం పెట్టాడు. ముసలాయన నీళ్ళు కూడా తాగకుండా, పేరు పెట్టిన బువా ఎవరని అడిగాడు. అత్త తల వంచుకుని వచ్చి నిలబడింది.

ఆయన సంచిలోంచి ఒక కంచు గిన్నె తీశాడు. బువా పేరు పెడితే ఆమెకు కానుక ఇవ్వాలట, అది బాకీ ఉండిపోయిందని తెచ్చాడట. మన ఆడబిడ్డ కట్నం లాంటిదే. "వీనికి నువ్వు మేనత్తవైతే, నాకు బిడ్డవే కదా. బిడ్డ ఇచ్చింది ఎవడన్నా తిరిగిస్తాడా?" అన్నాడు తన భాషలో. కోడలి వైపు తిరిగి, ఇంట్లో బాబూ అని పిలుచుకో, బడిలో మాత్రం రాంజతన్ అని రాయించు అన్నాడు. ఆయుష్షు సంగతి దినేష్ మెల్లగా ఎత్తితే ముసలాయన కసిరాడు. నా పేరు నేను పోయాకే పెడితే, వీణ్ణి ఆ పేరుతో పిలవగా నేనెప్పుడు వినాలిరా అన్నాడు. అత్తను మిద్దె ఎక్కి పిలవమన్నాడు. ఆమె ఎక్కింది. మొదటిసారి పిలిచింది మిద్దె దిగలేదు. రెండోసారి వీధంతా వినపడేట్టు "రాంజతన్!" అని పిలిచింది. కింద ముసలాయన పళ్ళు లేని నోటితో, వస్తున్నా అన్నట్టు, "ఆయా!" అని జవాబిచ్చాడు. సుమన్ కొడుకును ఎత్తుకుని ఏడుస్తూ నవ్వింది. ఆ పెద్దాయన ఈరోజుకీ గట్టిగానే ఉన్నాడు.

ఆ తర్వాత పదేళ్ళు అత్త ఎంతమందికి పేర్లు పెట్టిందో నాకు తెలియదు. లెక్క రాసుకునే మనిషి కాదు. నేను తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటుందని మాత్రం ఆమె పోయిన రోజునే తెలిసింది.

ఇంటి ముందు జనం నిండిపోయారు. ఆడమనిషి పోతే పుట్టింటి చీర కప్పందే మా దగ్గర లేపరు. మా కులపెద్ద "పుట్టింటి చీర ఎవలు తెచ్చిండ్రు? ముందటికి రాండ్రి" అని పిలిచాడు. మా నాన్న సంగారెడ్డి నుంచి తెచ్చిన కవరు పట్టుకుని లేచాడు. అప్పుడే గేటు దగ్గర్నుంచి దినేష్ కూడా, వెల్డింగు బట్టల్లోనే, ఒక కవరు పట్టుకుని ముందుకొచ్చాడు.

"నువ్వెవలు?" అన్నాడు కులపెద్ద.

"భాయ్ హూఁ" అన్నాడు దినేష్.

"ఏం వరస అన్నట్టు?"

సుమన్ చెప్పింది, ఇక్కడ నేర్చుకున్న తెలుగులో. "మా బాబుకు పేరు పెట్టింది. బాబుకు మేనత్త. అంటే ఈయన తమ్ముడే గదా?"

నాన్న తన చేతిలో కవరు వైపు చూసుకున్నాడు. డెబ్భై దాటిన మనిషి, దాన్ని కిందికి దించాడు. "నువ్వే ముందు కప్పు తమ్మీ" అన్నాడు. "నువ్వు నీ కొడుక్కు ఆమెతోని పేరు పెట్టిచ్చుకున్నవ్. నేను పెట్టిచ్చుకోలే."

దినేష్ తెచ్చిన చీర కప్పాడు. నాన్న తన చీర పాదాల మీదుగా పరిచాడు. పరిచి లేవలేదు. మోకాళ్ళ మీద జరుగుకుంటూ ఆమె తల దగ్గరికి పోయాడు. మా తమ్ముడు పట్టుకోబోతే విదిలించాడు.

"అక్కా, నా కొడుక్కు నువ్వేం పేరు అనుకున్నవే? జెర చెప్పవే" అని అడిగి, వంగి తన చెవి ఆమె నోటి దగ్గర పెట్టాడు.

పాడె పట్టేవాళ్ళు వచ్చి నిలబడ్డారు. నాన్న చెవి తీయలేదు.